ఆరో రేకు సంగ్రామం

సకల సూచీ సామ్రాజ్ఞి, సప్తవర్ణ తంతుజాల విద్యాధరి, తన ఊరి వీధులన్నింటా 'ఆరు రేకులమ్మ' అనే బిరుదుతో వెలుగొందే ఆ మహాయోధురాలు, ఉదయం ఆరూ పదకొండు నిమిషాలకు, లాడ్జి రెండో అంతస్తులోని మూడు మంచాల గదిలో తన కుట్టుసంచి విప్పి చూసేసరికి, అందులో జిగురు ట్యూబు లేదు.

మొగుడూ లేడు. కానీ ఆ సంగతి ఆమె తర్వాత గమనించింది.

ఆ వేళ ఎట్టిదనిన, కుళాయిలు దగ్గి దగ్గి నీళ్ళకు బదులు గాలిని ప్రసాదిస్తున్న వేళ. పక్కగది వీరుడు కంఠశోధన యజ్ఞానికి ఉపక్రమించిన వేళ. ఆ స్థలమెట్టిదనిన, నూట నలభై ఏళ్ళనాటి ప్రజోద్యానానికి గోడకు గోడగా నిలిచి, 'కిటికీ తెరిస్తే పూలతోట' అని బోర్డు కట్టుకుని, కిటికీ తెరిచినవారికి ఆ తోటలోని ఎరువు గుంతను మాత్రమే దర్శింపజేసే సత్యసంధమైన లాడ్జి.

"ఏమిటమ్మాయ్, పొద్దున్నే ఆ గలాభా?" అంది రెండో మంచం మీది ఆడపడుచు. ముప్పై మూడేళ్ళు జీవశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ చేసినా ఎర్రసిరా పెన్ను విరమించని ప్రచండురాలు ఆవిడ.

"జిగురు పోయింది వదినా. తళుకులు అతికించేది."

"పూలరేకులు లెక్కపెట్టడానికి జిగురెందుకు?"

"ఎందుక్కాదు. సంచిలో ఉన్నది సంచిలో ఉండాలి."

ఈ దండయాత్రకు మూలకారణం ఇరవై తొమ్మిదేళ్ళ కిందటిది. అప్పట్లో ఆమె భర్త మ్యాపులు గీసే ఉద్యోగి. ఆఫీసు పనిమీద ఈ ఊరొచ్చి, ఈ తోటలోకెల్లా పాతదైన ఒంటివరుస రేకుల గులాబి పొదను చూసి, ఒక పువ్వును కాగితం మీద గీసి కొత్త పెళ్ళానికి కానుకగా పట్టుకెళ్ళాడు. ఆరు రేకులు. ఒక్కొక్కటీ తూకం వేసినట్టు సమానం. ఆమె ఆ పువ్వును చేతిరుమాలు మీద కుట్టింది. అక్కణ్ణుంచి ఆ పువ్వు దిండు గలీబుల మీదికి పాకి, బల్లగుడ్డలను ఆక్రమించి, తెరలను జయించి, చివరికి ఊళ్ళో పసిపిల్లల గౌనుల దాకా తన ఏలుబడిలోకి తెచ్చుకుంది. ఆమె అసలు పేరు పోస్టుమేన్‌కి కూడా గుర్తులేదు.

అలాంటి సామ్రాజ్యం మీద రెండు నెలల కిందట పిడుగు పడింది. ఊళ్ళోని డాక్టరమ్మ పన్నెండు గలీబులకు ఆర్డరిస్తున్న సమయంలో ఆడపడుచు కళ్ళజోడు సవరించుకుని, "మరదలా, ఆ జాతి గులాబీకి రేకులు ఐదే. ఈ ఆరోది ఎక్కణ్ణుంచొచ్చింది, చుట్టపుచూపుగానా?" అంది.

"మీ తమ్ముడు కళ్ళారా చూసి గీసుకొచ్చారు వదినా."

"వాడా? కళ్ళెదుట ఉన్న ఉప్పు డబ్బాను చూడమను ముందు."

డాక్టరమ్మ నవ్వి, "మీరు తేల్చుకోండి, తర్వాత చెబుతాను," అని లేచి వెళ్ళిపోయింది.

అప్పుడా సూచీ సామ్రాజ్ఞి, కోపాతిరేక కంపితాధరయై, కుడిచేతి సూదిని ఖడ్గంలా పైకెత్తి, "ఆ తోటకే పోదాం. ఆ పొద దగ్గరే లెక్కపెడదాం. ఐదే ఉంటే మళ్ళీ సూది ముట్టను," అని ఘోర ప్రతిజ్ఞ చేసింది. దిక్కులు పిక్కటిల్లాయి. అంటే, ఎదురింటి కుక్క రెండుసార్లు మొరిగింది. మూలన కూర్చున్న భర్త పేపరు మడిచి, మళ్ళీ విప్పి, తలకిందులుగా చదవడం మొదలుపెట్టాడు.

అనేశాక ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. పదిహేడో ఏటి నుంచి ఆ వేళ్ళకు సూది తప్ప వేరే లోకం లేదు. కానీ ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే. ముగ్గురూ బయల్దేరారు. నిన్న వచ్చేసరికి తోటకు వారపు సెలవు. ఇవాళ మధ్యాహ్నం తిరుగు రైలు. మధ్యలో ఉన్నది ఈ ఒక్క పూటే.

జిగురు అన్వేషణలో ఆమె కిందికి దిగి లాడ్జి గుమస్తాను నిలదీసింది.

"జిగురు సంగతి తెలీదమ్మా. మీవారు మాత్రం ఐదున్నరకే వెళ్ళారు. నడకవాళ్ళకు తోట చిన్న గేటు అప్పుడే తీస్తారు కదా."

"ఆయన, నడక?"

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు గుమస్తా. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, నిన్నట్నుంచీ ఆరు రేకులా ఐదు రేకులా అని మీరు వాదించుకోవడం విన్నాను. షెడ్డుకే అయితే ఐదు చాలవు. మా బావమరిది దగ్గర మంచి రేకులున్నాయి," అన్నాడు.

ఆమె చూసిన చూపుకు అతను రిజిస్టరులోకి అదృశ్యమయ్యాడు.

ఏడింటికి భర్త ఫ్లాస్కు నిండా కాఫీతో వచ్చాడు. బొటనవేలికి రుమాలు చుట్టి ఉంది.

"ఏమైంది?"

"గడ్డం గీసుకుంటుంటే బ్లేడుకి వేలు తెగింది."

"గడ్డం అలాగే ఉందే."

"తెగిందనేగా ఆపేశాను."

ఇంత పకడ్బందీ సమాధానం తర్వాత ఏ న్యాయస్థానమైనా కేసు కొట్టేస్తుంది. ఆమె కూడా కొట్టేసింది. రెండు గంటల్లో యుద్ధం పెట్టుకుని బొటనవేలి గురించి ఎవరాలోచిస్తారు?

తొమ్మిదింటికి మహాద్వారం తెరుచుకుంది. సూదుల డబ్బాయే అమ్ములపొదిగా, కుట్టుసంచియే కవచంగా, అరికాళ్ళను కరిచే కొత్త చెప్పులే కదనాశ్వాలుగా ఆమె ముందు నడవగా, ఎర్రసిరా పెన్ను ధరించి ఆడపడుచు కుడివైపున, ఫ్లాస్కు ధరించి భర్త సాధ్యమైనంత వెనకగా కదిలారు. టిక్కెట్ల వరుస అనే మహాసర్పాన్ని దాటారు. 'గడ్డి తొక్కరాదు' అనే బోర్డును తొక్కినంత పనిచేసి, ఈలధారి అయిన కాపలావాడి చేత మూడుసార్లు ఈల వేయించుకున్నారు. పొద చుట్టూ మోహరించిన ఫోటోల సేన, ఒకరి తర్వాత ఒకరు అదే పువ్వు పక్కన అదే నవ్వు నవ్వుతూ, చక్రవ్యూహంలా సందివ్వకుండా నిలబడి ఉండగా, ఆరు రేకులమ్మ మోచేతి విద్యను ప్రయోగించి, "కాస్త జరగండి బాబూ, మేం ఫోటోకి రాలేదు, పనిమీదొచ్చాం," అని సింహనాదం చేసి, పొదకు కంచెగా కట్టిన తాడు దగ్గరికి చేరింది.

పొద మనిషెత్తున ఉంది. లేత గులాబి రంగు. ఆ రంగు దారం ఏ కొట్లో దొరుకుతుందా అని ఒక్క క్షణం ఆమె యుద్ధమే మరిచిపోయింది.

ఆడపడుచు మరవలేదు. పెన్ను కొనతో, పరీక్ష పేపర్లు దిద్దినట్టు మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. తర్వాతిది. ఒకటి, రెండు..."

రెండోదీ ఐదే. ఐదోదీ ఐదే. పదకొండో పువ్వు దగ్గరికొచ్చేసరికి ఆరు రేకులమ్మ సంచిలోని సూదుల డబ్బాను గట్టిగా పట్టుకుంది.

"ఆ కింది కొమ్మది కూడా చూడండి," అన్నాడు భర్త వెనక నుంచి. "ఎడంపక్కది. ఆకు చాటున."

ఆడపడుచు చూసింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

ఆరు.

అహో, వినుడు. ఆ ముహూర్తాన తుమ్మెదలు విజయభేరి మోగించాయి. స్ప్రింక్లర్లు పన్నీరు చల్లాయి. ఇరవై తొమ్మిదేళ్ళ దిండు గలీబులన్నీ ఎక్కడివక్కడ తలలెత్తుకున్నాయి. తొంభై పువ్వుల పొదలో ఒక్క పువ్వు, ఆ ఒక్క పువ్వులో ఒక్క రేకు, ఆ ఒక్క రేకు సాక్షిగా ఆరు రేకులమ్మ జగజ్జేత అయింది.

"వేయండి వదినా, ఎర్రసిరాతో రైటు వేయండి," అంది.

ఆడపడుచు పెన్ను మూత తీసి, దిద్దకుండానే మళ్ళీ పెట్టేసింది. ఆ పెన్ను చరిత్రలో అది మొదటిసారి.

అప్పుడొచ్చాడు తోటమాలి, చేతిలో కత్తెరతో. "ఆరా? ఇరవయ్యారేళ్ళుగా ఈ పొదకి నీళ్ళు పోస్తున్నానమ్మా, నేనెప్పుడూ చూళ్ళేదే," అంటూ వంగి, వాసన చూశాడు. మొహం చిట్లించాడు. వేలితో అలా తాకాడో లేదో, ఆరో రేకు ఊడి వేలికి అంటుకుని, వెనకాల సన్నటి తెల్లటి తీగను సాగదీసుకుంటూ వచ్చింది.

"ఇది పువ్వు కాదమ్మా. గాలిపటం. జిగురెట్టి అతికించారు."

తుమ్మెదలు భేరి ఆపేశాయి.

ఆడపడుచు మెల్లగా మరదలి వైపు తిరిగింది. "పొద్దున్నే జిగురు పోయిందని గోల చేశావు. పోయిందా, పోయినట్టు చెప్పావా?"

చుట్టూ ఉన్న ఫోటోల సేన ఫోన్లు దించి వినసాగింది. ఆరు రేకులమ్మ సంచిని గుండెకు హత్తుకుంది. వాదన ఓడిపోతే ఓడిపోయిందిలే. కానీ దొంగ? ఒక కుట్టు తప్పుపడితే మొత్తం విప్పి మళ్ళీ కుట్టే మనిషిని పట్టుకుని దొంగ అంటారా? ఆమె సంచిలోంచి సూదుల డబ్బా తీసి ఆడపడుచు చేతిలో పెట్టింది.

"ఐదే, వదినా. ఒప్పుకున్నాను. ఇక సూది ముట్టను. కానీ ఆ జిగురు మాత్రం నేను పెట్టలేదు."

ఫ్లాస్కు చప్పుడైంది. భర్త దాన్ని నేలమీద పెట్టి, బొటనవేలి రుమాలు విప్పి, అక్క ముందు చేయి చాపాడు. వేలి మీద రెండు ముళ్ళ గాట్లు. గోటి కింద ఎండిన జిగురు.

"నేనే అక్కా. బ్లేడు కాదు, ముల్లు. పొద్దున చిన్న గేటులోంచి వచ్చాను. నేలమీద రాలిన రేకొకటి ఏరి అతికించాను. నలభై నిమిషాలు పట్టింది. దానికి తెలీదు. తప్పంతా పాతదే. ఆ రోజు నేను ఈ పువ్వుని చూశానన్న మాట నిజమే, గేటు బయటి నుంచి చూశాను. లోపలికి రావడానికి బద్ధకం వేసింది. లెక్కపెట్టలేదు. గదికెళ్ళి కంపాస్ తీశాను. సున్నా చుట్టి, అదే కొలతతో చుట్టూ తిప్పుకుంటూ పోతే ఆరు భాగాలు వాటంతటవే వస్తాయి. ఐదు రావాలంటే లెక్కలు కట్టాలి. ఎవరు కడతారులే అనుకున్నాను. ఇది చూసి ఎంత మురిసిపోయిందంటే, తర్వాత ఎన్నిసార్లు చెబుదామనుకున్నా నోరు రాలేదు. నేను గీసిన మ్యాపులన్నీ ఆఫీసు బీరువాలో చెదలు తినేశాయి. ఈ ఒక్కటే ఊరంతా బతికింది. ఐదు రేకులు పువ్వువి, ఆరోది నాది. ఆ డబ్బా దానికిచ్చెయ్యి అక్కా. కావాలంటే నా కంపాస్ పట్టుకుపో."