గళ్లున్న బొమ్మే గొప్ప బొమ్మ

ప్రొజెక్టర్ బొమ్మలో గళ్లు కనిపిస్తున్నాయని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు జాలి. డబ్బిచ్చి కొన్న బొమ్మలోని చుక్కలన్నీ ఒక్కొక్కటిగా విడివిడిగా కనిపిస్తున్నాయంటే, అంతకంటే నిజాయితీ గల వస్తువు లోకంలో ఉందా?

నమ్మరా? మా వీధి మలుపులో ఉన్న లెక్చరర్ గారింటికి పదండి.

ఆయన తోడల్లుడు టైల్స్ కాంట్రాక్టరు. ఈ మధ్యే తలుపంత టీవీ తగిలించాడు. ఇంకేముంది! లెక్చరర్ గారికి గోడంత బొమ్మ కావలసొచ్చింది. ప్రొజెక్టర్ కొన్నారు. "ఈ మిషన్‌కి ఆరడుగుల బొమ్మ చాలండీ" అన్నాడు షాపువాడు. హాల్లో గోడ పన్నెండడుగులు. ఆరుతో సరిపెట్టుకోవడానికి ఆయనేమన్నా చేతకానివాడా? మిషన్‌ని ఎదురుగోడ దాకా జరిపి, బీరువా మీద కూర్చోబెట్టారు. బొమ్మ గోడంతా పరుచుకుంది. గళ్లూ పరుచుకున్నాయి.

"ఏమండీ, హీరోయిన్ మొహం నిండా ఆ జల్లెడ కన్నాలేంటి?" అంది భార్య.

"అవి పిక్సెల్స్. క్వాలిటీ అంటే అదే!"

"మిషన్‌ని కాస్త ముందుకు జరపండి. బొమ్మ చిన్నదైతే గళ్లు కలిసిపోతాయిగా?"

"చిన్నదా!" ఉద్యోగం ఊడిందన్నంతగా అదిరిపడ్డారాయన.

ఇక లాభాలు వినండి. క్రికెట్‌లో బంతి ఏ గడిలో పడిందో ఇంట్లో అందరూ చెప్పేస్తున్నారు. లెక్చరర్ గారి తల్లికి చూపు మందగించిందని కొత్త కళ్లజోడు చేయించారు. దాంతో ఆవిడకి గళ్లు మరింత స్పష్టంగా కనిపించాయి. వైద్యం ఫలించినట్టే కదా!

ఆదివారం మధ్యాహ్నం తోడల్లుడు వచ్చాడు. కర్టెన్లు మూశారు. లెక్చరర్ గారు మిషన్ ఆన్ చేశారు. "మీదే పెద్దది" అన్న ఒక్క మాట తోడల్లుడి నోట వినాలి. లేకపోతే అత్తవారింట్లో మళ్లీ తలెత్తుకునేదెలా?

తోడల్లుడు గోడ దగ్గరికెళ్లి, అలవాటు కొద్దీ వేలితో తడిమి చూశాడు.

"అన్నయ్యా, టైల్స్ ఎవరు వేశారు? గ్యాపులు భలే సమానంగా వచ్చాయి. వైట్ సిమెంట్ పూయిస్తే సరి!"

నవ్వాపుకోలేక భార్య వంటింట్లోకి పరిగెత్తింది.

"అంత దగ్గర్నుంచి చూడకూడదు తమ్ముడూ! వెనక్కి రా... ఇప్పుడో?"

"జాయింట్లు తెలుస్తూనే ఉన్నాయన్నయ్యా."

సోఫా భోజనాల గదిలోకి వెళ్లింది. జాయింట్లు పోలేదు. కుర్చీలు వంటింట్లోకి వెళ్లాయి. "అదిగో, హీరో బుగ్గ మీద ఇంకా ఉన్నాయి" అన్నాడు కాంట్రాక్టరు. మిషన్ మాత్రం అంగుళం కదల్లేదు. ఇంటిల్లిపాదీ కదిలారు. చివరికి పెరట్లో, బట్టలుతికే బండ మీద ఇద్దరూ ఆనుకుని కూర్చుని, రెండు గుమ్మాల గుండా హాలు గోడకేసి చూశారు.

"గళ్లు లేవన్నయ్యా! బొమ్మ అద్దంలా ఉంది."

"అది సరే. ఎంత పెద్దదో చెప్పు!"

తోడల్లుడు ఒక కన్ను మూశాడు. జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, చెయ్యి చాపి బొమ్మ పక్కన పెట్టి, రెండిట్లో ఏది పెద్దదో కొలిచాడు. తప్పు కొలత చెప్పడం అతని వృత్తిలో లేదు.

"ఒప్పుకున్నా అన్నయ్యా. మీదే పెద్దది."

లెక్చరర్ గారి మొహం వెలిగిపోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో అందరూ పెరట్లో కూర్చునే సినిమాలు చూస్తున్నారు. వానొస్తే గొడుగులున్నాయి. పరువు దక్కింది. ఇంకేం కావాలండీ?