చెట్లమ్ముకునేవాడికి పిల్లనిస్తారా?

డిసెంబరు నెలలో అమెరికా టీవీల్లో వచ్చే క్రిస్మస్ ప్రేమ సినిమాలు తెలుగువాళ్ళ మేలు కోరి తీస్తున్నవేనని నా గట్టి నమ్మకం! తీసేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. వాళ్ళకి తెలియనంత మాత్రాన మేలు మేలు కాకుండా పోతుందా?

నవ్వకండి. పొదలకూరు దగ్గర నిమ్మతోట చేసుకుని బతికినవాణ్ణి. మా ఊరి బడి ఎంత చెబితే అంతే చదువు. ఇప్పుడు అమెరికాలో, నేపర్‌విల్ అనే ఊళ్ళో మా అమ్మాయి రాగిణి ఇంట్లో, సోఫాకి ఒక చివర కూర్చుంటాను. మాట్లాడను. మాట్లాడని మనిషికి టీవీ ముందు చోటు తేలిగ్గా దొరుకుతుంది. అలా దొరికిన చోట్లోంచి చూసింది చెబుతున్నాను.

ఈ సినిమాల కథ ఒక్కటి తెలిస్తే అన్నీ తెలిసినట్టే. పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే ఒక పిల్ల. ఆ పిల్లకి అప్పటికే నిశ్చయమైపోయిన ఒక పెళ్ళికొడుకు. అతనికి సూటు, లాప్‌టాప్, చెవిలో ఫోను. పండగకి ఆ పిల్ల ఒక చిన్న ఊరికి బయలుదేరుతుంది. దారిలో కారు ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుంది? క్రిస్మస్ చెట్లు పెంచి అమ్ముకునే కుర్రాడి తోట గేటు ముందే ఆగుతుంది! ఇక చెప్పేదేముంది? మంచు పడుతుంది, కోకో తాగుతారు, పిల్ల మనసు మారుతుంది. చెవిలో ఫోనువాణ్ణి వదిలేసి చెట్లవాణ్ణి చేసుకుంటుంది.

మా తోట ఇప్పుడు చూసుకునే మా తమ్ముడి కొడుకు రఘువీర్‌కి ఫోనులో ఈ కథ చెప్పాను. అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు: "ఆ రోడ్డు ఏడుంది పెదనాన్నా?"

సరే, ఆ మాట ప్రస్తుతానికి పక్కన పెడదాం. సినిమాలో ఆ వదిలేయించుకునే పెళ్ళికొడుకున్నాడే, అతను మనవాడు!

అవును. ఇక్కడ మా వీధి చివరింటి పరంధామయ్య, కృష్ణకుమారి గార్ల అబ్బాయి దేవ్. ఇక్కడే పుట్టి, కంప్యూటర్ చదువు చదివి, కొన్నాళ్ళు ఆఫీసుకి వెళ్ళి, ఒక సోమవారం వెళ్ళడం మానేసి యాక్టర్ అయ్యాడు. అప్పటినుంచి ఏటా ఇలాంటి సినిమాలో కనబడుతున్నాడు. వేషం ఒకటే. పేరు మారుతుంది, ఒకసారి నీల్, ఒకసారి జే. కొలువు మారుతుంది, ఒకసారి బ్యాంకు, ఒకసారి కన్సల్టింగ్. పిల్ల వదిలేసే చోటు మారుతుంది. ఒకసారి రైలు ప్లాట్‌ఫారం, ఒకసారి ఐసు మీద జారే ఆటస్థలం. వదిలేయడం మాత్రం మారదు.

అతను దాన్ని ఎంత మర్యాదగా పడతాడనుకున్నారు! కేకలుండవు. పిల్ల ఉంగరం తీసి చేతిలో పెడితే ఒక్కసారి చూసుకుంటాడు. కోటు జేబులో వేసుకుంటాడు. "ఐ జస్ట్ వాంట్ యూ టు బీ హ్యాపీ" అంటాడు. మఫ్లరు సర్దుకుని మంచులో నడిచి వెళ్ళిపోతాడు. మళ్ళీ కనబడడు. ఏం తిన్నాడు, పండగపూట ఎవరింట్లో పడుకున్నాడు అని ఒక్కరు అడగరు!

ఇందులో మనకి మేలేముందంటారా?

ఎంత మాట! పెళ్ళికొడుకంటే ఎలా ఉండాలో మనకి ఇంత విడమరిచి ఇంకెవరు చూపించారు? పెళ్ళి సంబంధాల సైట్లలో మనం వెతికేదేమిటి? సూటు, లాప్‌టాప్, ప్రమోషను, పండగపూట కూడా తీరిక లేనితనం. అమెరికా పిల్లలు వద్దని మంచులోకి తోసేసేవాణ్ణే మనం తాంబూలాలు పట్టుకుని వెతుకుతున్నాం! ఎంత సులువో చూడండి. వాళ్ళు వదిలేయడం, మనం ఏరుకోవడం.

మా అల్లుడు శశికాంత్ ఏటా ఒక శనివారం మధ్యాహ్నం తెలిసినవాళ్ళని పిలిచి దేవ్ కొత్త సినిమా చూపిస్తాడు. పులిహోర, మిరపకాయ బజ్జీ, పేపరు ప్లేట్లు. అమెరికా అంతా చెట్లవాడు గెలవాలని కోరుకుంటుంటే మా హాలు మాత్రం చెవిలో ఫోనువాడి పక్షం. సినిమాలో పిల్ల తోటవైపు పరుగెత్తిందంటే చాలు, మా ఇంట్లో నిజంగానే సంబంధం తప్పిపోయినట్టు ఉంటుంది.

"బుద్ధుందా ఆ పిల్లకి?" అని మా అల్లుడు లేచి నిలబడతాడు. "వైస్ ప్రెసిడెంట్‌ని వదిలేసి చెట్లమ్ముకునేవాడితో పోతుందా! వాడికి హెల్త్ ఇన్సూరెన్స్ ఉందో లేదో కనుక్కుందా అసలు?"

"జనవరి నుంచి ఏం చేస్తాడంట వాడు?" అంటారు పక్కింటి విశ్వనాథం గారు. "పండగ అయిపోయాక చెట్టెవడు కొంటాడు?"

"నా బిడ్డను ఏటా గిట్లనే చేస్తున్నరు" అని వరంగల్లు వైపు మనిషైన కృష్ణకుమారి గారు కళ్ళొత్తుకుంటారు. "పోయినేడు ప్లాట్‌ఫారం మీద, అంతకుముందు ఐసు మీద. ఈసారి యాడ నిలవెట్టి పంపుతరో!"

"ఊరుకోండి వదినా, వచ్చే ఏడు ఇంకా మంచి సంబంధం చూస్తారు" అని మా రాగిణి ఆవిడ వీపు నిమురుతుంది.

విశ్వనాథం గారైతే ఒకసారి దేవ్‌ని పక్కకి పిలిచి వడ్డీ రేట్లు తగ్గుతాయా అని అడిగారు. ఆ ఏడు అతను బ్యాంకువాడి వేషం వేశాడు మరి!

నా మటుకు నేను చెట్లవాణ్ణే చూస్తాను. అతని గోళ్ళలో మట్టి ఉండదు. గొడ్డలి ఎత్తుతాడు, దించేలోగా సీను మారిపోతుంది. తెగులు లేదు, మందు కొట్టడం లేదు, ధర పడిపోయిందన్న దిగులు లేదు. భుజాల మీద మంచు పడితే కరగదు. "అది మంచు కాదు తాతగారూ, సోప్ ఫోమ్" అని దేవే చెప్పాడు. షూటింగు జూలైలో అట! ఉన్ని కోటు కింద ఐస్ ప్యాకులు పెట్టుకుని వణుకుతున్నట్టు నటిస్తారట. ఇంత అబద్ధంలోనూ ఆ తోటకి ఒక పిల్ల నడిచి వస్తుంది. అందుకని చూస్తాను.

ఈ మధ్య ఆకులు రాలే రోజుల్లో దేవ్ నా దగ్గరికొచ్చి, "తాతగారూ, తోటలో మనిషి చెట్టు దగ్గర ఎలా స్టాండ్ అవుతాడు?" అని అడిగాడు. పెరట్లోకి తీసుకెళ్ళి మేపుల్ చెట్టు దగ్గర నిలబడి చూపించాను. చెట్టుకి ఆనుకోకూడదు, కొమ్మల్లోకి చూడాలి, చెయ్యి ఊరుకోకుండా ఒక ఎండుటాకుని తుంచుతూ ఉండాలి. చాలాసేపు అలా నిలబడ్డాడు. ఎందుకని నేనడగలేదు.

ఈ ఏటి శనివారానికి దేవ్ కూడా వచ్చాడు. వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకున్నాడు. నా మనవరాలు నైనిక అతనికి ప్లేటు తెచ్చింది. ఇవ్వబోయే ముందు బజ్జీ విరిచి, లోపలి మిరపకాయ తీసి తన ప్లేటులో వేసుకుంది. అలవాటైన చేత్తో, అటు చూడకుండానే తీసింది. సోఫా చివర నుంచి ఇలాంటివి బాగా కనిపిస్తాయి.

సినిమా నడుస్తోంది. ఈసారి వదిలేయడం అత్తగారింటి వంటగదిలో. పిల్ల ఉంగరం తీసింది. మా అల్లుడు ఆగలేకపోయాడు.

"చూడండి ఎంత డీసెంట్‌గా నిలబడ్డాడో! ఇలాంటివాడు దొరికితే మా నైనికని కళ్ళు మూసుకుని ఇచ్చేస్తాను."

"ప్రామిసా, డాడీ?" అంది నైనిక.

"ప్రామిస్."

"ఓకే, ఇచ్చెయ్. హి ఈజ్ రైట్ దేర్. బజ్జీ తింటున్నాడు."

రాగిణి చేతిలోని రిమోటు నొక్కుకుపోయి సినిమా ఆగింది. టీవీలో ఉంగరం పట్టుకుని ఒక దేవ్ బిగుసుకుపోయాడు. గడప దగ్గర బజ్జీ పట్టుకుని ఇంకో దేవ్ బిగుసుకుపోయాడు. ఇద్దరి ముఖమూ ఒక్కటే.

"వీడా!" అన్నాడు అల్లుడు. "వీడు యాక్టర్ కదమ్మా!"

"నీకు నచ్చింది తనే కదా?"

"నాకు నచ్చింది ఆ వైస్ ప్రెసిడెంటు!"

"అది కూడా తనే, డాడీ."

"వాడికి జాబ్ ఉంది! వీడికి ఎక్కడుంది? డిసెంబర్ దాటాక వీడేం చేస్తాడు?"

కదిలింది దేవ్ ఒక్కడే. ప్లేటు కింద పెట్టాడు. చెయ్యి తుడుచుకున్నాడు. తలుపు పక్క అలమర తెరిచి తన కోటు తీసి తొడుక్కున్నాడు. మఫ్లరు సర్దుకున్నాడు.

"ఇట్స్ ఓకే, అంకుల్. నైనికా, ఐ జస్ట్ వాంట్ యూ టు బీ..."

"హ్యాపీ" అని అందించారు విశ్వనాథం గారు, ఏటా వింటున్న అలవాటు కొద్దీ.

"దేవ్!" అంది నైనిక. "ఇక్కడ కెమెరా లేదు. వచ్చి కూర్చో."

వచ్చి కూర్చున్నాడు, కోటుతోనే. పాపం, వదిలేశాక మళ్ళీ కూర్చోవడం అతనికి ఏ సినిమాలోనూ నేర్పలేదు!

కొడుక్కి సాయం చేద్దామని పరంధామయ్య గారు గొంతు సవరించుకున్నారు. "శశికాంత్ గారూ, వచ్చే సినిమాల మావోనికి హీరో వేషం ఇస్తమంటున్నరు."

"హీరో అంటే?"

"చెట్లు అమ్మే రోల్, అంకుల్" అన్నాడు దేవ్. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం వెలగడం నేను చూశాను. మేపుల్ చెట్టు సంగతి నాకప్పుడు తెలిసింది.

మా అల్లుడు మాత్రం తల పట్టుకున్నాడు. తరువాత ఆఫీసు మీటింగులో అడిగినట్టు అడగడం మొదలుపెట్టాడు.

"ఇదివరకు ఆ చెట్ల రోల్ వేసినవాళ్ళెవరైనా రెండోసారి వచ్చారా?"

"లేదంకుల్. ఎవ్రీ ఇయర్ కొత్త హీరో."

"మరి నువ్వు?"

"నేను... ఎవ్రీ ఇయర్ నేనే."

"అదీ!" అని మా అల్లుడు లేచి నిలబడ్డాడు. "అంటే హీరోది కాంట్రాక్టు పోస్టు. నీది పర్మనెంటు! ఇన్నాళ్ళూ ఈ యాంగిల్‌లో చూడనేలేదు నేను. బాబూ, నాకు ఓకే. ఒకటే కండిషన్. ఆ హీరో రోల్ ఒప్పుకోవద్దు. ఏటా బుద్ధిగా వదిలేయించుకో, నా కూతుర్ని ఇస్తాను. చెట్లమ్మావో, సంబంధం క్యాన్సిల్!"

హాలంతా చప్పట్లు! కృష్ణకుమారి గారు నవ్వుతూ ఏడ్చారు. విశ్వనాథం గారు ఇంకో బజ్జీ తీసుకున్నారు. దేవ్ నవ్వలేదు. నైనిక అతని వైపు చూస్తోంది. అతను నా వైపు చూశాడు.

నేను మాట్లాడనని చెప్పాను కదా. ఆ పూట మాట్లాడాను.

"అల్లుడూ, నేను బతికింది నిమ్మచెట్ల మీదే గదా" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి.

"మీరు వేరు, మామయ్యా" అన్నాడు అల్లుడు.

"ఎట్టా?"

ఎట్టాగో చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతలో ఫోను మోగింది. ఒక వేలు పైకెత్తి మమ్మల్ని ఉండమని, ఫోను చెవిలో పెట్టుకుని, "యా, షేర్ యువర్ స్క్రీన్" అంటూ పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సినిమాల్లో సరిగ్గా ఇక్కడే పిల్ల మనసు తేల్చుకుంటుంది!

నైనిక తన కోటు తీసుకుంది. "అమ్మా, తను హీరో రోల్ చేస్తున్నాడు. నన్ను పెళ్ళి కూడా చేసుకుంటున్నాడు. కాల్ అయ్యాక డాడీకి చెప్పు" అంది. ఇద్దరూ బయటికి నడిచారు. బయట నిజం మంచు పడుతోంది. కిటికీలోంచి చూశాను. వాళ్ళ భుజాల మీద పడింది పడినట్టే కరిగిపోతోంది.

అల్లుడు తిరిగి వచ్చేసరికి వీధి మలుపు తిరిగారు. "ఏరీ?" అన్నాడు. రాగిణి అంతా చెప్పింది. రిమోటు తీసుకుని సినిమా మళ్ళీ నడిపించాడు. టీవీలో దేవ్ ఉంగరం జేబులో వేసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

"పాపం, బంగారంలాంటి కుర్రాడు" అన్నాడు మా అల్లుడు.

అయ్యా, అమ్మా! ఇప్పుడు చెప్పండి, ఇవి మంచి సినిమాలు కావూ? సబ్బు నురగలో నిలబడి గొడ్డలి తప్పుగా పట్టుకున్నవాడికి కూడా ఏటా ఒక పిల్ల దొరుకుతోంది. చెట్లవాడికి పిల్లనిచ్చే చోటు ఈ భూమ్మీద ఒక్కటైనా ఉందని టీవీవాళ్ళు మనకి గుర్తు చేస్తున్నారు. ఆ చోటు పేరే వాళ్ళు చెప్పడం లేదు. రఘువీర్ అడిగిందీ అదే.

రఘువీర్‌కి ముప్పై దాటింది. తాగడు. తోటలో అంటు కడితే అంటుకోనిది లేదు. పెళ్ళిచూపులవాళ్ళు వస్తారు. తోట బాగుందంటారు, గాలి బాగుందంటారు. సంచి నిండా నిమ్మకాయలు కారులో పెట్టించుకుంటారు. "అబ్బాయి హైదరాబాదులో ఏదైనా చిన్న ఉద్యోగం చూసుకుంటే ఆలోచిస్తాం" అంటారు. వాచ్‌మన్ ఉద్యోగమైనా పర్వాలేదని ఒకాయన అన్నాడు.

అందుకని పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయిలకి ఒక సంగతి మనవి చేస్తున్నాను. మా తోట గేటు ముందు రోడ్డు చాలా బాగా పాడైపోయి ఉంది. కార్లు ఆగుతూనే ఉంటాయి. రఘువీర్ వెళ్ళి టైరు మార్చి పెడతాడు, ఉప్పేసి నిమ్మరసం ఇస్తాడు. ఇంతవరకూ దిగినవాళ్ళంతా ఎరువుల కంపెనీవాళ్ళే.

మంచు ఒక్కటే పడదు. మిగతాదంతా సిద్ధంగా ఉంది.