గంజాయి పరీక్షలో నాకు రెండు మార్కులు

డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో, నా జీవితంలో మొదటిసారి ఒక పరీక్షకు కూర్చున్నాను. గంజాయి కోసం. ఫెయిలయ్యాను. అయినా చెబుతున్నాను, మనిషి నొప్పికి పరీక్ష పెట్టడమంత గొప్ప ఏర్పాటు ఈ భూమ్మీద మరొకటి లేదు!

నవ్వకండి. మా చిన్నప్పుడు గంజాయి తాగేవాడి ఇంటికి పిల్లనిచ్చేవారు కాదు. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉండే మా ఆడపడుచు పుష్పలీలకు నడుం నొప్పని డాక్టరు రాసిస్తే గంజాయి కొనుక్కోవడానికి కార్డే వచ్చింది. ఫొటోతో సహా! ఫోన్ చేసి, "వదినా, నీకింకా రాలేదా?" అంటుంది, రేషన్ కార్డు సంగతి అడిగినట్టు.

బ్రిటన్‌లో కార్డులు లేవు. మా షెఫీల్డ్‌లో మోకాళ్ళ నొప్పులకు గంజాయి స్ప్రే ఇచ్చి చూస్తారని, అందుకు ముసలివాళ్ళు కావాలని డాక్టరు క్లినిక్ గోడ మీద కాగితం అంటించారు. ముసలితనం ఒక్కటే చాలదట. నొప్పి పదికి కనీసం ఆరుండాలి!

ఎంత న్యాయం! ఐదున్నర వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి, ఇంకాస్త కష్టపడి మళ్ళీ రావచ్చు.

నాకు ఆ మందు కావాలి. మా అమ్మాయి హైమకు ఎడిన్‌బర్గ్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. తీసుకున్న ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. "ఎక్కగలిగితేనే రా అమ్మా. లేకపోతే ఇక్కడే షెఫీల్డ్‌లో సావిత్రమ్మ ఆంటీ వాళ్ళ వీధిలో నీకు కింద గది చూస్తా. నెలకోసారి వస్తాగా" అంది.

మళ్ళీ వస్తామన్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో, ఒకసారి ఆసుపత్రి వరండాలో.

పరీక్షకు నర్సు మా ఇంటికే వచ్చింది. ఆవిడ పదింటికి వస్తానంటే నేను ఆరింటికే పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. ఫారం తెరవకముందే కాఫీ ఇచ్చాను. పెసరట్టు వేసిచ్చాను. చట్నీ మర్చిపోయానని మళ్ళీ లేచాను. ఆవిడ రాసుకుంటూనే ఉంది. నా మర్యాద గురించేమో అనుకున్నాను. నేను వంటింటికి ఎన్నిసార్లు వెళ్ళొచ్చానో లెక్కట!

"కూర్చోమ్మా! నువ్వు నడవలేకపోతున్నావని చూడ్డానికొచ్చింది ఆవిడ!" అని హైమ పళ్ళు కొరికింది.

"ఖాళీ కడుపుతో ఏం చూస్తుందే?" అన్నాను.

నిద్ర పడుతుందా? పర్వాలేదు. మెట్లెక్కితే? ఏదో, అలా నడిచిపోతోంది. హైమ అన్నీ ఇంగ్లీషులో చెప్పింది గానీ, పర్వాలేదుకు ఆ ఫారంలో గడి లేదు. చివరికి నొప్పి పదికి ఎంతని అడిగింది. చెప్పాను.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. నా నొప్పి వాళ్ళకు సరిపోదట! ఎనిమిదేళ్ళుగా ఏ మాత్రా చేయలేని పని ఒక్క ఉత్తరం చేసేసింది. నొప్పి లేదని తేల్చేసింది. ఇంతకన్నా గొప్ప వైద్యం ఉంటుందా? హైమ అది చదివి, "అయితే మెట్లకు భయం లేదన్నమాట!" అని నాకూ రైలు టికెట్ కొనేసింది.

పెసరట్టు వల్లే ఫెయిలయ్యానని పుష్పలీల ఇప్పటికీ వెక్కిరిస్తుంది. మీకు మాత్రం నిజం చెబుతాను. పదికి ఎంత అన్నప్పుడు నా నాలుక చివర తొమ్మిది ఉంది. పక్క కుర్చీలో హైమ ఉంది. తొమ్మిదంటే మందు వస్తుంది. ఆ మందు పనిచేస్తుందో లేదో తేలేలోపు నన్నిక్కడే వదిలి అమ్మాయి వెళ్ళిపోతుంది. రెండు అన్నాను. అంత పెద్ద ఫారంలో ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెబితే మీకేం పోతుందమ్మా అని అడిగే గడి ఒక్కటీ లేదు.

ఇది ఎడిన్‌బర్గ్ నుంచే రాస్తున్నాను. మొత్తం యాభై ఆరు మెట్లు. ముప్పై ఒకటో మెట్టు దగ్గర కిటికీ ఉంది. నేను అక్కడే కూర్చున్నాను.

"అమ్మా, ఎక్కడున్నావ్?" పైనుంచి హైమ కేక.

"వస్తున్నానే! ఇక్కడ వెలుతురు బాగుంది, రాసుకుంటున్నా!"