తాలు మిరప బస్తాలు, పదకొండు బెల్టులు

ఆదివారం బలప్రదర్శనలోగా పూర్తి చేయవలసిన పనులు: షామియానా వేయించుట, పగలగొట్టబోయే పెంకులను ముందే కాస్త పగలగొట్టి ఉంచుట, ముఖ్య అతిథికి గజమాల, పదకొండుమంది శిష్యులకు కండలు.

కండలు వారంలో వస్తాయని కరాటే మాస్టర్ సారంగపాణి హామీ ఇచ్చారు. ఒకే ఇంగ్లీషు సినిమా పదిహేడుసార్లు చూసి విద్య సంపాదించిన మనిషి ఆయన. 1984లో వరంగల్లో అంతకు మించిన అర్హత ఎవరూ అడగలేదు.

జాబితా రాసింది రాయమల్లు. పదకొండుమంది శిష్యుల్లో ఒకడు. వాళ్ళింట్లో మొదటి బి.ఏ. అతనే గనుక కరాటే సంఘం కార్యదర్శీ అతనే. హసన్‌పర్తిలో ఒక ప్రైవేటు బడికి డ్రిల్లు సారు కావాలట. ముఖ్య అతిథి సంతకంతో బలపరీక్ష సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఖాయమన్నారు.

కండలకు గుద్దుడు బస్తాలు కావాలి. ఇసుకవైతే సరిపోయేది. కానీ ముఖ్య అతిథి కిషన్ రావు గారు మిర్చి వ్యాపారి. ఎవరూ కొనని తాలు మిరపకాయలు పదకొండు బస్తాలు విరాళమిచ్చారు, ప్రతి బస్తా మీదా తమ పేరు ఉండాలన్న చిన్న షరతుతో. దాతను నొప్పించడం కరాటే సంప్రదాయం కాదని మాస్టర్ గారు సెలవిచ్చారు.

వాటిని ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చి వేలాడదీసింది అక్కడి హమాలీ కట్టయ్య, రాయమల్లు తండ్రి.

"గుద్దితే ఘాటు లేస్తదిరా. జర ఆలోచన చెయ్యిండ్రి."

"నీకు తెల్వది బాపూ. ఇది బలం పెంచే సైన్సు."

"గట్లనా! నేను ఇన్నేండ్లు సైన్సు లేకనే మోస్తి," అని కట్టయ్య బీడీ ముట్టించాడు.

దాత ప్రారంభించేదాకా బస్తాలను ముట్టరాదు గనుక, శిష్యులు వారం రోజులూ వాటికి వంగి వంగి నమస్కరించారు. నడుములకు మంచి వ్యాయామమైంది.

ఆదివారం కిషన్ రావు గారు, "జపాన్ వాళ్ళు ఇసుకను గుద్దనీ! మనం మిర్చిని గుద్దుదాం!" అని గర్జించి మొదటి గుద్దు గుద్దారు. పదకొండుమంది 'హా' అని కేకపెట్టి తన్నారు. పాత గోనెలు పిగిలాయి. ఎర్రటి మబ్బు లేచింది. వేదిక మీద అందరికీ కన్నీళ్ళు రావడం చూసి, దేశభక్తి అనుకుని జనం చప్పట్లు కొట్టారు. కాసేపటికి వాళ్ళకూ దేశభక్తి కలిగింది. మాస్టర్ గారు సినిమాలో లేని ఒక తాపు విసిరి వేదిక కిందికి వెళ్ళారు.

కట్టయ్య తువ్వాలు ముక్కుకు బిగించి మబ్బులోకి దూరాడు. అతిథిని, మాస్టరును, పదకొండు బెల్టులను ఒక్కొక్కరినే వీపున వేసుకుని రోడ్డు మీది బోరింగు దగ్గర దించాడు. కొడుకును దించుతూ, "ఏం బలంరా మీది! బస్తా కన్న అల్కగున్నరు," అన్నాడు.

విపత్తులో చెక్కుచెదరనందుకు పదకొండుమందీ నెగ్గారని ప్రకటించి, అతిథి తడుముకుంటూ సర్టిఫికెట్ల మీద సంతకాలు చేశారు.

పేపరుకు వార్త రాసింది కూడా రాయమల్లే. అందరి పేర్లూ, బెల్టుల రంగులూ రాశాడు. దాత పేరు మూడుచోట్ల రాశాడు. కాపాడిందెవరో రాయాల్సిన చోట కలం ఆగింది. బడివాళ్ళు పేపరు చదువుతారు. డ్రిల్లు సారు హమాలీ కొడుకని తెలిస్తే? కాసేపు ఆలోచించి, 'స్థానికులు సహకరించారు' అని రాశాడు. ఉద్యోగం వచ్చింది.

చదువురాని కట్టయ్య చాయ్ హోటల్లో వార్త చదివించుకుని మురిశాడు.

"మస్తు రాసిండు మావోడు. గా స్థానికులంటే ఎవలు?"

"ఎవలో పెద్దోళ్ళు అయ్యుంటరు తియ్యే కట్టన్నా."

రేపు పేపర్లో ఆ మాట తగిలితే మీరూ నాలాగే దాటేసి చదువుతారు. దాటే ముందు, దయచేసి, కట్టయ్యను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.