మొక్కు శివమ్మది, కాళ్లు పాండురంగానివి

సరూర్‌నగర్ చెరువు పొంగి, దిల్‌సుఖ్‌నగర్ కింది కాలనీల్లో మంచాలు తేలిన వరదకు అది రెండో ఏడు. ఆ వరదలో శివమ్మ మేడ మెట్ల మీద కూర్చుని, నీళ్లు తీస్తే నల్లగొండ జిల్లా చెర్వుగట్టు రామలింగేశ్వరుడి దగ్గరికి ఇంటి గడప నుంచి నడిచి వస్తాడని మొక్కింది. నడిచేది ఆమె కాదు, పెనిమిటి పాండురంగం. కాళ్లకు చెప్పులుండకూడదు. దారిలో బండెక్కకూడదు. ఎక్కితే, ఎక్కిన చోటికి నడిచి వచ్చి అక్కణ్ణుంచే మళ్లీ మొదలుపెట్టాలి.

నీళ్లు తీశాయి. నడక మాత్రం రేపు, మాపు అంటూ జరుగుతూ వచ్చింది. ఇప్పుడు మళ్లీ ముసురు పట్టింది. చెరువు అంచుదాకా నిండింది. వీధి మోరీలో మురుగు వెనక్కి తన్నుతోంది.

"మొక్కు చెల్లియ్యక దేవునికి కోపమొచ్చింది. ఈసారి గడప దాటి నీళ్లొస్తే పాపం నీదే," అంది శివమ్మ.

పాండురంగం పెళ్లినాడు కూడా పెద్దగా మాట్లాడిన మనిషి కాదు. పొద్దున్నే పసుపు బట్టలో కొబ్బరికాయ మూట కట్టుకుని, ఒట్టి కాళ్లతో బయలుదేరాడు.

ఎల్‌బీ నగర్ చేరేసరికి వాన ఏటవాలుగా కొట్టింది. మెట్రో కింద నిలబడ్డా తడవడం తప్పలేదు. పక్కనే కుర్చీలు వేసుకుని ఒక డీసీఎం వ్యాను ఆగి ఉంది, పైన టార్పాలిన్ కప్పి. పాండురంగం చాలాసేపు ఆలోచించాడు. కదిలేది బండి. కదలనిది అరుగు. అంతే కదా అని ఎక్కి కూర్చున్నాడు. కునుకు పట్టింది.

అరుగు కదిలింది. పాండురంగం ఉలిక్కిపడి లేచి కుర్చీల మీద దబదబా బాదాడు. వానలో ఎవరికి వినబడుతుంది? హయత్‌నగర్ ఫంక్షన్ హాలు ముందు బండి ఆగితే, డ్రైవర్ మట్టయ్య టార్పాలిన్ ఎత్తి కెవ్వుమన్నాడు.

"ఎవలు నువ్వు? కుర్చీల నడుమ ఎట్ల మొలిసినవే?"

పాండురంగం విషయం రెండు ముక్కల్లో చెప్పాడు.

"గింతేనా? ముందుకే గద తెచ్చిన. ఇట్లనే నడువు పెద్దాయనా. ఎవలు చూసిండ్రు?"

పాండురంగం ఆకాశం వైపు వేలు చూపించి, ఎల్‌బీ నగర్ వైపు తిరిగి నడక సాగించాడు.

సగం దారిలో ఎదురింటి పట్టాభి కారు పక్కన ఆగింది. పట్టాభి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. సొంతూరు ఏలూరు.

"పాండురంగం గారూ! గుడి అటు కదండీ!"

"ఎరుకే."

"మరి ఇటు నడుస్తున్నారేంటండీ?"

"వెనకకు పోవాలె."

"ఎందుకండీ?"

"ముందుకు పోనీకె."

పట్టాభికి మేనమామ గుర్తొచ్చాడు. ఆయన కూడా పక్షవాతం వచ్చి పడిపోయే ముందు ఇలాగే మాట్లాడాడట. కారు దిగి భుజం పట్టుకున్నాడు. చాయ్ దుకాణం దగ్గరున్న వాళ్లు మూగారు.

"పక్షవాతమైతే మూతి వంకర పోతదంట సార్. నవ్వమనుండ్రి," అన్నాడొకడు.

"ఏదీ, ఒక్కసారి నవ్వండి పాండురంగం గారూ!"

పాండురంగం తన శక్తి కొద్దీ నవ్వాడు. ఆ మొహం చూసి జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"అయిపాయె! ఎత్తుండ్రి!"

నలుగురూ పట్టి కార్లోకి ఎత్తారు. "బండెక్కద్దు, బండెక్కద్దు," అని ఆయన గొణుగుతుంటే, "పాపం, పలవరిస్తుండు," అన్నారు. కనీసం కారు నేలకైనా కాళ్లు తగలకూడదని పాండురంగం మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నాడు. పట్టాభి అద్దంలో అది చూశాడు. ఫోన్ తీశాడు.

"శివమ్మగారూ, కంగారు పడకండి. మతి పోయింది. మూతి తేడాగా ఉంది. ఇప్పుడు కాళ్లు కూడా పట్టేశాయి. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను."

ఆస్పత్రి మాట వినగానే పాండురంగం కారు తలుపు తీయబోయాడు. గడప దగ్గరికైతే మొక్కు మళ్లీ మొదటినుంచి నడవొచ్చు. "ఇంటికి! ఇంటికి!" అని జన్మలో ఎన్నడూ లేనంతగా అరిచాడు. పట్టాభి హడలిపోయి కారు కాలనీకి తిప్పాడు.

వీధిలో చీలమండల లోతు నీళ్లు. అందులో కాలనీ అంతా నిలబడి ఉంది. ముందు శివమ్మ, కళ్ల నిండా నీళ్లతో. కారు ఆగగానే పాండురంగం దిగి, గబగబా నడిచి, గడప ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ వినలేదు.

శివమ్మ ఆయన మూతి తడిమింది, మోకాళ్లు తడిమింది. కొంగుతో కళ్లు తుడుచుకుని పట్టాభి వైపు తిరిగింది.

"సార్, నువ్వు ఫోన్ జేయంగనే పాణం ఆగలే. దేవునికి మొక్కిన. మా ఆయనను పాణంతోని ఇంటికి తెచ్చినోడు, ఆయన పక్కపొంటి గట్టుదాంక నడుస్తడని."

పట్టాభి కారు దిగబోతూ ఆగాడు. "నన్నడక్కుండానా అండీ?"

"ఆయనను మాత్రం అడిగిన్నా?"

"నాకు మోకాళ్ల నొప్పులండీ! ఎల్లుండి క్లాసులున్నాయండీ! వేదా, నువ్వైనా చెప్పవే!"

పట్టాభి భార్య వేదవతి తమ గేటు వైపు చూసింది. నీళ్లు మొదటి మెట్టు ఎక్కాయి.

"మొక్కేశాక కాదనకూడదండీ," అంది. "నేను లీవు లెటర్ పంపిస్తాను."

మర్నాడు తెల్లవారగానే పాండురంగం మూట కట్టుకుని వెళ్లి పట్టాభి తలుపు తట్టాడు. పట్టాభి గొడుగుతో, కొత్త బూట్లతో బయటికొచ్చాడు. పాండురంగం అతను ఆ బూట్లు విప్పేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాడు.