హోపీ పోయాడు, సోఫా కదలకూడదు

అభిమాన గాయకుడికి ఉండకూడని రోగం ఒక్కటే ఉంది. బతికుండటం!

కోప్పడకండి, ఆలోచించే అంటున్నాను. బతికున్న గాయకుడు పెట్టే బాధలు తక్కువా? లావవుతాడు. జుట్టు రాలిపోతుంది. రేడియోలో ఏదో ఒకటి వాగి మన పరువు తీస్తాడు. సూపర్ మార్కెట్లో మన ముందే నిలబడి, సగం ధరకిచ్చే నిన్నటి బ్రెడ్డు కోసం వెతుక్కుంటాడు. అన్నిటికన్నా ఘోరం, కొత్త పాట కట్టానంటాడు! మరి పోయినవాడు? కిక్కురుమనడు. ఏ ఫొటోలో బిగిస్తే ఆ ఫొటోలోనే ఉంటాడు. అభిమానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంగ్లండులోని మా కోవెంట్రీలో హోప్టన్ పినాక్ పోయిన దగ్గర్నుంచి నాకీ జ్ఞానం కలిగింది. ఫ్లాట్ ఐరన్స్ బ్యాండు గాయకుడు హోపీ అంటే ఈ ఊళ్లో ఎరగనివాళ్లు లేరు. అతను స్కా పాటగాడు. తాళం పడాల్సిన చోట పడకుండా పక్కన పడి, వినేవాడి మోకాలు వాడి గడ్డానికే తగిలేలా ఎగిరించే సంగీతం అది. నల్ల కుర్రాళ్లూ తెల్ల కుర్రాళ్లూ ఒకే స్టేజీ ఎక్కి, నలుపు తెలుపు గళ్ల టైలు కట్టి గంతులేసిన కాలంలో, ఇస్త్రీ ప్యాంటు మీద అతను పాడిన "నా మడత నలపకు" ఊరినంతా ఊపేసింది. హిల్‌ఫీల్డ్స్ పేటలో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. కాబట్టి ఈ విషయంలో మీరు నా మాట నమ్మవచ్చు.

పోయిన మర్నాటినుంచే అభిమానుల వల్ల ఊరికి ఎంత మేలు జరిగిందో చూడండి! హోపీకి నలుపూ తెలుపూ ప్రాణం కదా అని ఒకావిడ మా వీధి మలుపులో జీబ్రా క్రాసింగ్ మీద పూలగుత్తి పెట్టి దణ్ణం పెట్టుకుంది. మధ్యాహ్నానికి క్రాసింగ్ కనబడటం మానేసింది. సాయంత్రానికి రింగ్ రోడ్డు దాకా బస్సులు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇరుగుపొరుగు బస్సులు దిగి, నడుచుకుంటూ, డ్రైవర్లను తిట్టుకుంటూ స్నేహితులైపోయారు. ఏ కౌన్సిలైనా ఇంత ఐకమత్యం సాధించగలిగిందా?

ఫుట్‌బాల్ మైదానంలో నిమిషం మౌనం పాటించారు. నోళ్లు పాటించాయి, మోకాళ్లు పాటించలేదు. వేలమంది చప్పుడు లేకుండా ఎగురుతుంటే అవతలి ఊరి గోల్‌కీపరు జడుసుకుని, ఆ తర్వాత వచ్చిన ప్రతి బంతికీ దారి ఇచ్చాడు.

సంతాప ఊరేగింపులోకి ఎవరిదో నల్లమచ్చల తెల్లకుక్క ఒకటి దారి తప్పి వచ్చింది. హోపీయే పంపాడన్నారు. దాన్ని వాటేసుకుని జనం భోరుమన్నారు. అది ఒకాయన్ని కరిచింది. ఆయన ఆ గాటు మీద కట్టు కట్టించుకోకుండా ఇప్పటికీ అందరికీ చూపిస్తూ తిరుగుతున్నాడు.

ఇక పాండిత్యం సంగతి. హోపీ గురించి అతని అక్క మెర్లీన్‌కు ఏం తెలుసు? చంకనేసుకుని పెంచింది, అంతే! అభిమాన సంఘం అధ్యక్షుడు కీత్ హిక్‌మన్‌కు అలా కాదు, అన్నీ తెలుసు. కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించి రిటైరైన మనిషి. హోపీ జీవితంలో ఎక్కడ ఏ మర ఊడినా అతనే బిగిస్తాడు. సంతాప కార్డు అచ్చేయించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"పుట్టింది మార్చి అని రాయించావేంటక్కా? అక్టోబరు కదా" అన్నాడు కీత్.

"మార్చే. మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనే" అంది మెర్లీన్.

"మొదటి రికార్డు అట్ట మీద అక్టోబరనుంది."

"అట్ట ముందు పుట్టిందా, వాడు ముందు పుట్టాడా?"

కీత్ ఆవిడ భుజం మీద చెయ్యేశాడు. "దుఃఖంలో ఉన్నావక్కా, పోనీలే. నువ్వెళ్లి కాసేపు నడుం వాల్చు. మేం చూసుకుంటాం."

కార్డు మీద అక్టోబరే అచ్చయింది. మెర్లీన్ నావైపు చూసి, "మంత్రసాని ఏడు నెలలు ముందే వచ్చిందన్నమాట. మంచి మనిషి" అంది.

ఇదంతా ఒక ఎత్తు, తొమ్మిదో రాత్రి ఒక ఎత్తు.

పినాక్ వాళ్ల అమ్మానాన్నలు జమైకా నుంచి వస్తూ పెట్టెల్లో పట్టని ఆచారం ఒకటి మనసులో పెట్టుకుని తెచ్చుకున్నారు. మనిషి పోతే తొమ్మిది రాత్రులు ఇల్లు ఖాళీగా ఉండకూడదు. చేపల వేపుడు, మేక సూపు, తెల్ల రమ్ము, డామినో ముక్కలు బల్ల మీద ఫెడీల్మని కొట్టడాలు, పాటలు. ఇప్పుడందరికీ ఉద్యోగాలు కాబట్టి అన్నీ కలిపి అంత్యక్రియల ముందురోజు ఒక్క రాత్రే చేసుకుంటారు, పేరు మాత్రం తొమ్మిదో రాత్రే. ఆ రాత్రి పోయినవాడి ఆత్మ ఆఖరిసారి ఇల్లు చూసుకోవడానికి వస్తుందట. అందుకని మంచం తల దిక్కు మారుస్తారు, అద్దాన్ని గోడకేసి తిప్పుతారు, సోఫా కుర్చీలు తారుమారు చేస్తారు. ఆత్మ లోపలికి తొంగిచూసి, 'ఇది మా ఇల్లు కాదే' అనుకుని వెనక్కి తిరుగుతుంది. ఇక దానికి విశ్రాంతి.

మెర్లీన్‌కు డెబ్బై దాటాయి. సోఫా రెండో చివర పట్టుకోమని నన్ను పిలిచింది.

"వాడికి ఒకటే జబ్బు నాయనా" అంది ఆయాసపడుతూ. "ఎవరు ఒన్స్‌మోర్ అన్నా ఆగిపోతాడు. మోకాలి ఆపరేషన్ కుట్లు ఆరకుండానే స్టేజీ ఎక్కి గంతులేశాడు. ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. రేపు పెట్టెలో పెడితే సరిపోదు. వాణ్ని ఇవాళ వెళ్లనివ్వాలి. వాడు బాగా అలిసిపోయాడు."

నేను సోఫా గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని కిటికీ కింది నుంచి మెట్ల పక్కకు జరిపాం. అప్పుడే కీత్ వచ్చాడు. వెనకాల సంఘం కార్యదర్శి మోరీన్, చేతిలో కొలత టేపు. ఆవిడ వెనకాల గది పట్టనంతమంది గళ్ల టైల వాళ్లు.

"ఆగండాగండాగండి!" అన్నాడు కీత్. "సోఫా ముట్టుకున్నారేంటి? రెండో రికార్డు అట్ట మీద ఫొటో ఈ గదిలోనే తీశారు. అందులో సోఫా కిటికీ కిందే ఉంది!"

"అందుకే జరిపాను బాబూ. అక్కడుంటే వాడు గుర్తుపడతాడు" అంది మెర్లీన్.

"గుర్తుపట్టాలి కదా మరి!" అంది మోరీన్.

"గుర్తుపడితే పోడు."

"ఎందుకు పోవాలి?"

మోరీన్ వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది. గళ్ల టైల వాళ్లంతా కూడా అవును, ఎందుకన్నట్టే చూశారు.

నలుగురు కలిసి సోఫాను కిటికీ కిందకు చేర్చారు. మోరీన్ ఫొటో చూస్తూ టేపు పెట్టి కొలిచి, ఇంకొంచెం ఎడమకి అంది. మెర్లీన్ నావైపు చూసింది. మేమిద్దరం మళ్లీ మెట్ల దగ్గరికి జరిపాం. వాళ్లు మళ్లీ కిటికీ దగ్గరికి జరిపారు. అద్దం గోడకు తిరిగింది, గదికి తిరిగింది, మళ్లీ గోడకు తిరిగింది. నేను ఒకసారి అలవాటుగా పట్టుకున్న సోఫాను వాళ్లవైపే మోసుకుపోతున్నానని సగం దారిలోగానీ తెలియలేదు. జిమ్ముకు డబ్బులు పోసే మూర్ఖుల్లారా, ఒక్క గాయకుడి పక్కింట్లో కాపురముండి చూడండి!

"అక్కా, ఇది ఇప్పుడు మీ ఇల్లు కాదు. ఇది మనందరి వారసత్వం" అన్నాడు కీత్, చెమట తుడుచుకుంటూ.

"కరెంటు బిల్లు కూడా మనందరిదేనా?" అంది మెర్లీన్.

నాకు కీత్ మీద కోపం లేదు. అభిమానులు హోపీని ఉన్నచోటు నుంచి కదలనివ్వకపోవడం ఇవాళ కొత్తగా నేర్చుకున్నది కాదు, ఎన్నో ఏళ్ల సాధన. ఒకసారి హోపీ ఎప్పుడూ పెట్టుకునే టోపీ లేకుండా స్టేజీ ఎక్కితే, తలకు చలేస్తుందేమోనన్నంత ప్రేమగా హాలంతా టోపీలు విసిరింది. ఒకటి అతని కంటికి తగిలింది. "ఇప్పుడొక కొత్త పాట" అని అతను మైకులో అన్నాడంటే చాలు, అంతమందికీ ఒక్కసారే దాహం వేసేది. ఖాళీ హాల్లో అతను పాడుకుంటూ ఉండేవాడు, బారు దగ్గర తొక్కిసలాట జరుగుతుండేది. ఈ ఊళ్లో బార్లు మూతపడకుండా ఉన్నాయంటే హోపీ కొత్త పాటల చలవే. పాట అయిపోగానే గ్లాసులతో తిరిగొచ్చి "మడత! మడత!" అని అరిచేవాళ్లు. అతను నవ్వి, ఆ చెడిన మోకాలు పైకెత్తేవాడు.

ఇప్పుడూ అంతే. సోఫా నాలుగోసారి కిటికీ కిందకు చేరాక, సంఘమంతా గది మధ్యలో గుండ్రంగా నిలబడి "నా మడత నలపకు" ఎత్తుకుంది. పాతికేళ్లుగా నడుం నొప్పులున్నవాళ్లు కూడా నేల అదిరేలా ఎగురుతున్నారు. డామినో ముక్కలు బల్ల మీంచి వాటంతటవే దూకేస్తున్నాయి. సూపు గిన్నె అంచు దాకా వచ్చి వెనక్కి వెళ్తోంది.

"ఒన్స్‌మోర్!" అన్నారెవరో.

ఆ మాట విన్నాక మెర్లీన్ ఇంక సోఫా జోలికి పోలేదు. వంటింట్లోకి వెళ్లి, అక్కడున్న సీడీ ప్లేయరు తెచ్చి బల్ల మీద పెట్టి, నొక్కింది.

ఒక గిటారు. డప్పు లేదు, బాకా లేదు. ఒక ముసలి గొంతు మెల్లగా, మాట్లాడుతున్నట్టే పాడుతోంది. వాళ్లమ్మ ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం కోటు కొనుక్కునే స్తోమత లేక, ఉన్న రెండు గౌన్లూ ఒకదాని మీద ఒకటి వేసుకుని, అందరికీ ఫ్యాషనని చెప్పుకుని పనిలోకి వెళ్లిందట. మంచులో ఆవిడ అడుగుల మీద అడుగులేస్తూ అతను బడికి వెళ్లాడట. ఎగరడానికి వీల్లేని పాట. సంఘం తప్పనిసరై ఆగింది.

"పాపం, ఎవరోగానీ బాగానే పాడుతున్నాడు" అంది మోరీన్. "కానీ ఇవాళ హోపీ రోజు కదా అక్కా."

"తీసెయ్యక్కా" అన్నాడు కీత్. "ఎవరీ నీరసం మనిషి? మనవాణ్ని పెట్టు."

"ఎవరో తెలీటం లేదా?" అని అడిగింది మెర్లీన్.

"తెలీదు."

"నీకు? మీకెవరికైనా?"

గళ్ల టైల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు అడ్డంగా ఊపారు. నాకు తెలుసు. ఎన్నో సాయంత్రాలు అంట్లు తోముకుంటూ గోడవతల నుంచి విన్నాను. నన్ను ఆవిడ అడగలేదు.

మెర్లీన్ వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచింది. చలిగాలి లోపలికి కొట్టింది.

"విన్నావుగా హోప్టన్?" అంది, చీకట్లోకి కాదు, గదిలోకి చూస్తూ. "నువ్వెవరో ఇక్కడ ఎవరికీ తెలీదంట. ఇది మనిల్లు కాదురా. పద నాన్నా, పద. ఇంకెవరూ ఆపరు."

పాట ఇంకా నడుస్తోంది. మోరీన్ చేతిలోంచి టేపు సర్రున చుట్టుకుపోయింది.

"ఇది... ఇది హోపీయా?" అన్నాడు కీత్ చివరికి. ఆ మనిషి కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. వెంటనే తేరుకున్నాడు. "అయితే ఇది మా సంఘం దగ్గర లేని రికార్డింగ్! నాకొక కాపీ ఇవ్వగలవా అక్కా?"

"నీ దగ్గరుంది బాబూ. వాడే మీ ఇంటికొచ్చి నీ చేతికిచ్చాడు. విని ఎలా ఉందో చెప్పమన్నాడు. చాన్నాళ్లు చూశాడు నీ ఫోను కోసం."

కీత్ ఆలోచించాడు. గుర్తొచ్చింది.

"ఓ, అదా! సంతకం పెట్టిచ్చాడు కదా. అద్దాల బీరువాలో భద్రంగా ఉందక్కా, చెక్కుచెదరలేదు. సీలు విప్పితే విలువ పోతుందని విప్పలేదు."

అభిమానమంటే అదీ! చూడండి పాఠకులారా, ప్రేమించినవాడి గొంతును గాలి కూడా సోకకుండా దాచిపెట్టిన మనిషిని ఆడిపోసుకుంటే కళ్లు పోతాయి. అందుకే నా మాట మీదే నేనున్నాను, గాయకుడికి ఉండకూడని రోగం బతికుండటమే. పోయినవాడికి మనం ఏమైనా చెయ్యగలం. పూలు పెడతాం, బస్సులు ఆపుతాం, సోఫా కొలుస్తాం, అవసరమైతే పుట్టినరోజు కూడా మారుస్తాం. బతికున్నవాడితోనే చిక్కు. అతనికి ఇవేవీ అక్కర్లేదు. వినమంటాడు.