కివుంబి మాస్టారి సున్నం గీతలు

పది గంటలకల్లా సంబంధం ఖాయం చేసుకోవడానికి కానుకలతో పెళ్లికొడుకువాళ్లు వస్తారు. ఆలోగా ఇంటి ముందు రోడ్డు గట్టుకు సున్నం కొట్టాలి. ఆ శనివారం పొద్దున్న కివుంబి మాస్టారు పెట్టుకున్న పని ఇంతే. రిటైరైన డ్రాయింగు మాస్టారు కావడంతో స్కేలు పెట్టి మరీ ఒక రాయికి తెలుపు, ఒక రాయికి నలుపు వేసుకుంటూ పోయారు. ఇంటి ముందు పని అయ్యేసరికి డబ్బాలో ఇంకా రంగుంది, ఒంట్లో ఇంకా హుషారుంది. కొండ మలుపు దాకా లాగించేశారు.

కంపాలాలో గట్టుకు రంగు పడిందంటే గుట్టు బయటపడినట్టే. ఆ దారిన పెద్దాయన, అంటే దేశాధ్యక్షుడి కాన్వాయ్ వస్తోందన్నమాట. పైగా మామూలు సర్కారు గీతలు వంకరగా ఉంటాయి. ఇవి తిన్నగా ఉన్నాయి. అంటే ఉత్తర్వు చాలా పైనుంచి వచ్చి ఉండాలి!

చపాతీ బండి వాస్వా పెనం మీద గుడ్డు వేగకుండానే, బండి ఎత్తేస్తారని పొయ్యి ఆర్పేశాడు. వార్డు చైర్మన్‌కి చెమటలు పట్టాయి. అందరికీ చెప్పి తనకు చెప్పలేదంటే తన పని అయిపోయినట్టే. వెంటనే పోలీసులకు ఫోన్ చేసి, "ఇక్కడ అన్నీ సిద్ధం సార్" అన్నాడు. తమకంటే ముందు చైర్మన్‌కి తెలిసిందని పోలీసులు హడలిపోయి దారి మూసేశారు. పోలీసుల్ని చూసి హెడ్మాస్టరమ్మ, సెలవైనా సరే పిల్లల్ని పిలిపించి జెండాలిచ్చి నిలబెట్టింది.

మాస్టారు స్నానం చేసి, పొడవాటి తెల్ల కాంజు తొడుక్కుని బయటికొచ్చేసరికి వీధిలో చప్పుడు లేదు. మోటారు సైకిళ్ల మోత లేని కంపాలా ఊపిరి ఆగిన మనిషిలా ఉంది. పది గజాలకొక పోలీసు రోడ్డుకు వీపు పెట్టి, ఇళ్ల కిటికీల్లోకి రెప్పవేయకుండా చూస్తున్నాడు. దీపస్తంభాల మీద బట్టతల కొంగలు, చావు కబురు ముందే అందిన దూరపు చుట్టాల్లా కూర్చున్నాయి. పిల్లలు దగ్గు కూడా మింగేస్తున్నారు.

"ఎవరొస్తున్నారు బాబూ?" అని మాస్టారు ఇన్‌స్పెక్టర్ని అడిగారు.

ఇన్‌స్పెక్టర్ మెల్లగా మెడ తిప్పాడు. "ఎందుకు అడుగుతున్నారు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు. మీ పేరేంటి?"

మాస్టారు చెప్పులు చప్పుడు కాకుండా లోపలికి వచ్చేశారు. ఈ సంబంధం కుదిర్చిన అక్క నాంతొంగో గుమ్మంలోనే పట్టుకుంది.

"పెద్దాయన వస్తున్నాడని దారి మూసేశారట, పెళ్లికొడుకువాళ్లు కొండ కింద ఇరుక్కుపోయార్రా తమ్ముడూ! నాలుగు కార్లు, నలభై బుట్టలు, లాంఛనానికి ఒక కోడిపుంజు. పది దాటితే గేటు తియ్యనని ఊరంతా చాటిందెవరు?"

"నేనే. క్రమశిక్షణ కోసమని..."

"నాన్నా, గేటు మూశావా, ఈ సంబంధం పోయినట్టే," అంది కూతురు నబ్బోసా, కళ్లనీళ్లతో. "వాళ్ల తాతయ్యా నీలాంటి మాస్టారే. రెండోసారి రాడు."

"అసలు పెద్దాయన వస్తున్నాడని ఎవరన్నారక్కా?"

"ఎవరో అనాలా? గట్టుకు గీతలు పడలా?"

మాస్టారు తన గోళ్ల వైపు చూసుకున్నారు. సున్నం. అప్పటికి తొమ్మిదీ నలభై.

ఖాళీ రోడ్డు మధ్యకు నడిచారు. తన అడుగుల చప్పుడు తనకే ఎవరో వెంటపడుతున్నట్టు వినిపించింది. కొంగలన్నీ ఒక్కసారే మెడలు తిప్పాయి.

"ఆ గీతలు నావి. మా అమ్మాయి పెళ్లివారి కోసం వేశాను."

ఇన్‌స్పెక్టర్ చైర్మన్ వైపు చూశాడు. "నేను గీతలు చూసి ఫోన్ చేశా," అన్నాడు చైర్మన్. "నేను పోలీసుల్ని చూసి పిల్లల్ని తెచ్చా," అంది హెడ్మాస్టరమ్మ. "మేం చైర్మన్ ఫోన్ని నమ్మాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. సున్నం చుట్టూ తిరిగి తిరిగి అందరి చేతికీ సున్నా మిగిలింది. వీధి మొత్తానికి అర్థమైంది. ఒక్కరూ నవ్వలేదు.

ఇన్‌స్పెక్టర్ మాస్టారి చెవి దగ్గరకు వంగాడు. "ఎవరూ రాలేదని నేను రిపోర్టు రాయలేను. మూసిన దారిలో ఎవరో ఒకరు వెళ్లి తీరాలి మాస్టారూ."

"ఎవరు వెళ్తారు బాబూ?"

ఇన్‌స్పెక్టర్ కొండ కింద ఆగిన కార్ల వైపు చూశాడు. అక్కణ్నుంచి ఒక పుంజు కూసింది. "ఆ కోడిపుంజు ఎవరిది?"

నాలుగు కార్లు లైట్లు వేసుకుని, పోలీసుల సెల్యూట్ల మధ్య కొండెక్కాయి. పిల్లలు జెండాలు ఊపారు. భయంతో బిగుసుకుపోయిన పెళ్లికొడుకు కగ్వా, ఏం చేయాలో తోచక తానూ చెయ్యి ఊపాడు. పదికి రెండు నిమిషాలుండగా గేటు తెరుచుకుంది. "మర్యాదంటే మీదేనండీ," అంటూ తాతయ్య కారు దిగాడు.

పెద్దాయన పర్యటన ప్రశాంతంగా ముగిసిందని సాయంత్రం రేడియోలో చెప్పి, ఆయన ప్రసంగంలోని ముఖ్యాంశాలు కూడా చదివారు.